చేను తొక్కారని అరిచా, దారి దున్నుకుంది నేనే

ఈసారి పోస్టు కాస్త పెద్దదే. మిరప కోతలు మొదలైతే మళ్ళీ ఫోను పట్టుకునే తీరిక ఉండదు. మనసులో ఉన్నది ఈ నాలుగు రోజుల్లోనే రాసేద్దామని కూర్చున్నా. చివరిదాకా చదివి, తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన కార్తీకంలో, కారెంపూడి తిరునాళ్ళకి రెండు రోజుల ముందు సంగతి. పొద్దున్నే పత్తి తీతకి కూలీలని తీసుకుని చేలోకి పోయా. చూద్దును గదా, నా చేలో నుంచి వరసగా మనుషులు నడిచొస్తన్నారు. నలభై మంది దాకా ఉంటారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపున సంచులు, చేతిలో కర్రలు. ముందున్న కుర్రాడి మెడలో చిన్న మైకు. పల్నాటి యుద్ధానికి సైన్యం నడిచిన దారంట, గురజాల నుంచి కారెంపూడి దాకా నడిపిస్తన్నారంట. మనిషికి రెండున్నర వేలు కట్టించుకున్నారంట, టిఫిను, భోజనం, బస్సు అన్నీ కలిపి.

నాకు ఒళ్ళు మండింది. పగిలిన పత్తి నేల రాలి కాళ్ళ కింద పడతంది. "ఏందయ్యా ఇది, మీ అబ్బ సొమ్మా? చేలో పడి నడుస్తన్నారు, కళ్ళు కనపడట్లేదా?" అని గట్టిగానే అరిచా. కూలీలు కూడా నాతో కలిశారు. మైకు కుర్రాడు నీళ్ళు నమిలాడు. వెనక నుంచి ఒక అమ్మాయి ముందుకొచ్చింది. మా పెద్దమ్మాయి వయసే ఉంటుంది. ఫోను తీసి చూపించింది. "అంకుల్, కోపం తెచ్చుకోకండి. మేం గట్టు దాటి రాలేదు. ఈ పటంలో డొంక ఇక్కడే ఉంది" అంది.

చూశా. మన ఊరి రెవెన్యూ పటమే. సర్వే నంబర్లు, పక్కన రెండు గీతల మధ్య డొంక. ఫోనులో నీలం చుక్క మెరుస్తంది, వాళ్ళు నిలబడ్డ చోటు. ఆ చుక్క సరిగ్గా రెండు గీతల మధ్యే ఉంది. ఆ చుక్క ఉన్న చోట నేలమీద ఏముందో తెలుసా? నా పత్తి సాళ్ళు రెండు.

ఆ అమ్మాయికి ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు. "సరే తల్లీ, సాళ్ళ మధ్యలో చూసుకుని నడవండి" అని పక్కకి జరిగా. కూలీల ముందు తల ఎత్తలేకపోయా. వాళ్ళు పోయాక చూస్తే బోదెలో నాలుగు ప్లాస్టిక్ సీసాలు, రెండు బిస్కెట్ కాగితాలు. అవి ఏరుతూ వాళ్ళని ఇంకో రెండు మాటలు అనుకున్నా. అవి అనడానికి నాకు హక్కుంది. కానీ చేను తొక్కారన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు లెక్క చెప్తా. మా నాన్న నాకు పంచిచ్చినప్పుడు ఆ డొంక రెండు బండ్లు ఎదురుపడినా తప్పుకునేంత ఉండేది. పటంలో ముప్పై మూడు లింకులు, అంటే ఇరవై రెండు అడుగులు. నేను వ్యవసాయంలోకి దిగి పాతికేళ్ళు దాటింది. ఏటా దుక్కిలో ట్రాక్టరు డ్రైవరుకి "కొంచెం అవతలకి పట్టు" అని చెప్పడం అలవాటైపోయింది. ఏడాదికి నాలుగు వేళ్ళు. అంతే. ఎవరికీ కనపడదు. పాతికేళ్ళకి ఆరు అడుగులు దాటింది. ఎదురు చేను మా బావ కూడా తక్కువేం తినలేదు. మధ్యలో మిగిలిన దాంట్లో కంప పెరిగింది. ఇప్పుడు మోటారు సైకిలు పోవడమే కష్టం.

ఇంతా చేసి నాకు కలిసొచ్చింది ఎంత? అయిదు సెంట్లు. ఎకరానికి పది క్వింటాళ్ళ లెక్కన అర క్వింటా పత్తి. క్వింటా ఏడు వేలనుకున్నా మూడున్నర వేలు, అందులో విత్తనం, మందులు, తీత కూలి పోవాలి. ఇక పోయింది ఎంత? మిరప వేసిన ఏడు వంద టిక్కీలు చేలోంచి రోడ్డు దాకా నెత్తిన మోయించాలి. టిక్కీకి నలభై అనుకోండి, నాలుగు వేలు. ట్రక్కు లోపలికి వస్తే ఆ ఖర్చే లేదు. అంటే ఏటా నా డొంక నేను తిని, దాని మీద ఎదురు డబ్బులు కడతన్నా. ఇంటర్మీడియట్ చదివినోణ్ణి, ఈ కూడిక తీసివేత పాతికేళ్ళలో ఒక్కసారి కూడా వెయ్యలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. మూడేళ్ళ కిందట మా బావ వాళ్ళ అమ్మకి చేలో పాము కరిచింది. 108 రోడ్డు మీదే ఆగిపోయింది. లోపలికి రావడానికి దారేది? మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. దేవుడి దయ, ఆ ముసలమ్మ బతికింది. ఆ రోజు మంచం కోడు పట్టుకున్న నలుగురిలో డొంక దున్నిన ఇద్దరం ఉన్నాం. ఆ ముక్క ఆ రోజు మా ఇద్దరిలో ఎవరూ అనలేదు. మొన్న ఆ నీలం చుక్క చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మంచమే.

సరే, ఇక నడకల సంగతికి వద్దాం. ఆ బృందం వచ్చిపోయాక మన ఊళ్ళో రెండు పార్టీలయ్యాయి. ఒకరు "ఈ సిటీవాళ్ళని ఊళ్ళోకి రానియ్యొద్దు, మన పొలాలు వాళ్ళకి సినిమా షూటింగా" అంటన్నారు. ఇంకొకరు "రానియ్యండి, ఊరికి పేరొస్తుంది" అంటన్నారు. నేను రెండిటికీ కాదు. నా మాట ఇది: నడకలు రావాలి, కానీ డొంక వెంబడి రావాలి, ఊరి చేతిలో ఉండాలి. అలా రావాలంటే ముందు డొంకని మనం వదలాలి. ఎందుకో చెప్తా.

ఇలాంటి నడక ఒకటి నేను స్వయంగా నడిచా. రెండేళ్ళ కిందట జులైలో మనకి వానలు లేక విత్తనం పెట్టకుండా కూర్చున్నాం, గుర్తుందా. అప్పుడు పుణెలో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు "మావయ్యా, ఊరికే కూర్చుని మబ్బుల వంక చూసే బదులు నాతో రా" అని కొల్హాపూరు తీసుకుపోయాడు. అక్కడ పన్హాళా కోట ఉంది. 1660లో బీజాపూరు సుల్తాను పంపిన సిద్దీ జౌహర్ సైన్యం ఆ కోటని నెలల తరబడి ముట్టడించింది. లోపల శివాజీ ఉన్నాడు. జులై 12 రాత్రి, జోరు వానలో, కొద్ది మందితో కోట దిగి విశాల్‌గఢ్ వైపు పోయాడు. శత్రువు వెంటపడ్డాడు. దారిలో ఒక ఇరుకు కనుమ దగ్గర బాజీప్రభు దేశ్‌పాండే అనే ఆయన చిన్న దళంతో నిలబడి ఆపాడు. శివాజీ కోట చేరాడని ఫిరంగి మోత వినపడే దాకా పోరాడి అక్కడే ప్రాణం వదిలాడని చెప్పుకుంటారు. ఆ కనుమని ఇప్పుడు పావన్‌ఖిండ్ అంటారు.

ఇప్పుడు ఏటా జులైలో, అదే వానలో, వేల మంది ఆ దారిన నడుస్తారు. రెండు రోజుల నడక. మేమూ నడిచాం. నా వయసుకి మోకాళ్ళు పట్టేశాయి, అది వేరే సంగతి. నేను చరిత్ర చూసిందాని కంటే పొలాలు చూసింది ఎక్కువ. మనకి విత్తనం లేదు, వాళ్ళకి మోకాలు లోతు బురదలో వరినాట్లు. ఆడవాళ్ళు నాట్లేస్తూనే మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. దారి కొన్ని చోట్ల చేల మధ్యన, కొన్ని చోట్ల అడివిలో. రాత్రి ఒక పల్లెలో రైతు ఇంట్లో పడుకున్నాం. జొన్న రొట్టె, శెనగపిండి కూర, వేడి అన్నం. మనిషికి ఇంతని తీసుకున్నారు. ఆ ఇంటి పెద్దాయన వచ్చీరాని హిందీలో చెప్పాడు: ఈ నెల రోజుల డబ్బే పిల్లల పుస్తకాలకీ ఎరువులకీ ఆసరా అని.

అక్కడ చెడు కూడా చూశా. పీఠభూమి మీద చిరిగిన ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు, సీసాలు. కొందరు కుర్రాళ్ళు నాట్లు వేసిన మడి గట్టు తెగ్గొట్టి అడ్డదారి పోయారు. ఆ రైతు పరిగెత్తుకొచ్చి మట్టి వేసుకున్నాడు. నడిచేవాడు ఎంత మంచివాడైనా, దారి సరిగ్గా కనపడకపోతే చేలోకే వస్తాడు. అది నాకు అక్కడే అర్థమైంది. కానీ ఇంటికొచ్చి నా డొంక వంక మాత్రం చూసుకోలేదు.

అక్కడ ఇంకో సంగతి నచ్చింది. శివాజీ తప్పించుకునేటప్పుడు శత్రువుని మోసం చెయ్యడానికి ఆయన వేషంలో వేరే పల్లకీలో పోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. శివా కాశిద్. మంగలి కులం. దొరికిపోయి ప్రాణం ఇచ్చాడు. పన్హాళా దగ్గర ఆయనకి కూడా విగ్రహం ఉంది. నడక మొదలుపెట్టేవాళ్ళు ఆయనకీ దండం పెట్టుకుంటారు. రాజు కథలో మంగలిని మర్చిపోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

ఇంకొకటి విన్నది చెప్తా. మా మేనకోడలు ఇంగ్లండులో ఉంటంది. ఆ పిల్ల కూడా ఇలాంటి నడకే నడిచి వీడియో పంపింది. 1066లో నార్మండీ నుంచి విలియం అనేవాడు ఓడల మీద వచ్చి పెవెన్సీ దగ్గర దిగాడు. హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండుకి రాజయ్యాడు. ఆ పెవెన్సీ నుంచి యుద్ధం జరిగిన ఊరి మీదుగా రై అనే ఊరి దాకా యాభై కిలోమీటర్ల నడక దారి పెట్టారు. ఆ యుద్ధం జరిగిన ఊరి పేరే "బాటిల్". వీడియోలో ఆ పిల్ల పచ్చటి పైరు మధ్యలో నడుస్తంది. "అమ్మాయ్, రైతు ఊరుకున్నాడా?" అని అడిగా. "మావయ్యా, ఇక్కడ కాలిబాట అంటే చట్టం" అంది.

ఆ చట్టం ఏందో అడిగి తెలుసుకున్నా. పటంలో కాలిబాట ఉంటే, అది నీ పొలం మధ్యలోంచి పోయినా సరే, జనం నడుస్తారు. రైతు దున్నుకోవచ్చు. దున్నడం తప్పనిసరి అయితే దున్నుకోనిస్తారు. కానీ పంట కోసం మొదటిసారి దున్నాక 14 రోజుల్లో దారిని మళ్ళీ చదును చేసి, కనపడేటట్టు పెట్టాలి. ఆ తరవాత మళ్ళీ కదిలిస్తే ఒక్క రోజులో సరిచెయ్యాలి. పొలం మధ్య దారి కనీసం ఒక మీటరు వెడల్పు. పైరు దాని మీదకి పెరిగితే కోసెయ్యాలి. అంటే అక్కడ రైతు బాధ్యత రైతుది, నడిచేవాడి బాధ్యత నడిచేవాడిది. మీటరు దాటి వాడు పక్కకి రాకూడదు, మీటరు లోపల నువ్వు అడ్డం పడకూడదు. గొడవకి చోటేది?

మన దగ్గర మాత్రం డొంక పటంలో ఉంటది, చేలో ఉండదు. పోరంబోకు అని రాసి ఉంటది, పత్తి మొలిచి ఉంటది. నడిచేవాడు పటం చూసి వస్తాడు, మనం గట్టు చూసి అరుస్తాం. ఇద్దరిదీ నిజమే, ఇద్దరిదీ అబద్ధమే.

ఇప్పుడు మన కథకి వద్దాం. పన్నెండో శతాబ్దం చివర, ఇప్పటికి ఎనిమిది వందల ఏళ్ళ పైమాట. ఒకే ఇంటి అన్నదమ్ములు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకున్నారు, ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరు వదిలిపోయారు. గడువు తీరాక మా భాగం మాకియ్యమని అలరాజుని రాయబారం పంపితే, చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారని కథ. ఆ తరవాత కారెంపూడిలో నాగులేరు పక్కన రెండు సైన్యాలు తలపడ్డాయి. బాలచంద్రుడు పోయాడు, కన్నమదాసు పోయాడు, ఆ వంశాల్లో మగపిల్లలు మిగలనంతగా పోయారు. చివరికి బ్రహ్మనాయుడు నలగామరాజునే మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు.

చూడండి, యుద్ధం మొదలైనప్పుడు గద్దె మీద ఎవరున్నాడో, అయిపోయాకా వాడే ఉన్నాడు. మధ్యలో పోయిన ప్రాణాలే పోయాయి. ఆ దెబ్బతో ఇక్కడి రాజ్యాలు బలం తగ్గిపోయాయి, తరవాత ఓరుగల్లు కాకతీయులు వచ్చి ఏలారు. అన్నదమ్ములు భాగం దగ్గర పట్టుబడితే మూడోవాడు బాగుపడతాడని మన పెద్దలు అనేది ఊరికే కాదు. గట్టు తగాదాతో కోర్టుకి పోయి లాయరు ఇల్లు కట్టించిన కుటుంబాలు మన మండలంలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

మొన్న ఆ మైకు కుర్రాడు ఈ చివరి ముక్క చెప్పలేదు. నా చేను గట్టు మీద నిలబడి రోషం, పౌరుషం, పల్నాటి పులులు అని అరుస్తన్నాడు. నాగమ్మ సంగతి వస్తే సినిమాలో విలన్ని చెప్పినట్టు చెప్పి నవ్వించాడు. మా ఆవిడ పత్తి తీస్తా వింటంది. సాయంత్రం ఇంటికొచ్చాక అంది: "ఆ రోజుల్లో ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపిందని ఒక్కడూ చెప్పడు. పందెంలో మోసం చేసిందని మాత్రం అందరూ చెప్తారు." నేనేం మాట్లాడలేదు. నేను కూడా పిల్లలకి అట్లాగే చెప్పా గదా.

పల్నాడు పేరు చెబితే బయటివాళ్ళకి గొడవలే గుర్తొస్తాయి. పెళ్ళిచూపుల్లో కూడా "ఏ ఊరు?" అని అడిగి ఒక క్షణం ఆగుతారు. అలాంటి చోట యుద్ధం నడక అంటే మళ్ళీ మంట ఎగదోసినట్టు కాదా అని మన టీచరు గారొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. బ్రహ్మనాయుడు మా కులం, నాగమ్మ మీ కులం అని ఫ్లెక్సీలు కట్టుకుని నడిస్తే నడక కాదు, అది ఊరేగింపు. దానికైతే నేనే డొంకకి అడ్డం కూర్చుంటా. కథ మొత్తం, చివరిదాకా, ఎవరు గెలిచారో ఎవరికి ఏం మిగిలిందో చెప్పే నడక అయితే రోషం పెరగదు, తగ్గుతుంది. పొద్దున గురజాలలో బయల్దేరి, ఎండలో కాళ్ళు నొప్పులు పుట్టేదాకా నడిచి, సాయంత్రం వీరుల గుడి ముందు నిలబడినవాడికి ఇంకొకణ్ణి కొట్టాలనిపించదు. మంచినీళ్ళు తాగి కూర్చోవాలనిపిస్తుంది.

ఆ మాటకొస్తే మనకి నడక కొత్త కాదు. కార్తీక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులు కారెంపూడిలో వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎక్కడెక్కడి నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలు తీసుకుని వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. టీషర్టులు, మైకులు లేనప్పటి నుంచే ఈ నేల మీద కథ నడుస్తంది. దాన్ని అట్టిపెట్టింది పుస్తకాలు కాదు, ముందు ఆ పాడేవాళ్ళు. అలాంటివాళ్ళు ఇక్కడుండగా, సిటీ నుంచి మైకు తెచ్చుకోవడం ఎందుకు? ఆ రెండున్నర వేలల్లో వాళ్ళకి ఒక్క రూపాయైనా పోయిందా? ఊరికి పోయిందా? మా బోదెలో నాలుగు సీసాలు వచ్చాయి, అంతే.

ఇప్పుడు మందపోరు దగ్గరికి వద్దాం. ఆ రోజు చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, మాలపల్లెలో పుట్టిన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనకి పెద్దని చేశాడని కథ. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు నేనొక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. మన ఊళ్ళో పోయిన పెళ్ళిలో పల్లెవాళ్ళు ఏ బంతిలో కూర్చున్నారు? బఫే వచ్చింది గదా, అందరూ కలిసే తింటన్నారని తప్పించుకోవద్దు. ఎవరు ముందు తిన్నారో, ఎవరు చివర దాకా గేటు దగ్గర నిలబడ్డారో నేనూ చూశా, మీరూ చూశారు. శివా కాశిద్‌కి అక్కడ దండం పెట్టి నడక మొదలుపెడతారు. మనం కన్నమదాసు పేరు తిరునాళ్ళలో తలుచుకుని, ఇంటికొచ్చి మర్చిపోతాం.

అందుకని నేననేది ఏందంటే, నడిచొచ్చినవాళ్ళకి మధ్యాహ్నం భోజనం మన ఊళ్ళో పెడదాం. డ్వాక్రా సంఘాలు వండాలి, అన్ని సంఘాలూ, పల్లెలో సంఘాలతో సహా. ఒకే పందిరి కింద, ఒకే చాప మీద, వచ్చినవాళ్ళూ మనమూ కలిసి కూర్చోవాలి. జొన్నన్నం, పప్పుచారు, గోంగూర పచ్చడి, చాలు. వాళ్ళు కట్టే డబ్బులు వండినవాళ్ళకీ, కథ చెప్పినవాళ్ళకీ, డొంక బాగుకీ పోవాలి. వాళ్ళు చాపకూడు చూడ్డానికి వస్తారు. మనకి కూడా అది చూసి చాలా రోజులైంది.

ఇక షరతులు. గుంపుకి పాతిక మందికి మించొద్దు. డొంక దిగి చేలోకి అడుగు పెట్టకూడదు. ప్లాస్టిక్ సీసా తెస్తే తిరిగి తీసుకుపోవాలి. ఊరివాళ్ళు ఇద్దరు ముందూ వెనకా ఉండాలి, వాళ్ళకి కూలి ఇవ్వాలి. తేదీలు ఊరు చెప్పాలి. కాలవకి నీళ్ళు వదిలిన వారం వద్దు, మందు కొట్టే రోజుల్లో అసలు వద్దు, పురుగుమందు గాలి పీల్చి పడిపోతే ఎవరిది బాధ్యత? రెంటచింతల ఎండలు మనకి తెలుసు, మార్చి దాటితే నడక మాటే ఎత్తొద్దు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చల్లగా ఉంటుంది, ఆ మధ్యలో నాలుగు రోజులు చూసుకుందాం. కోడిపందేల ఏర్పాటు, మందు ఏర్పాటు అంటూ ఎవరైనా మొదలుపెడితే అక్కడితో బందు.

కొందరు అడుగుతారు, సైన్యం సరిగ్గా మన డొంకనే నడిచిందని రుజువేంది అని. రుజువు లేదు. ఎవరూ అడుగులు కొలిచి రాసిపెట్టలేదు. కానీ గురజాల నుంచి కారెంపూడి పోవాలంటే మనిషైనా, బండైనా, గుర్రమైనా ఈ నాపరాళ్ళ మీదుగా, ఈ వాగులు దాటుకునే పోవాలి. మా తాత తిరునాళ్ళకి ఎడ్లబండి కట్టుకుని పోయింది మాత్రం ఈ డొంకనే. దానికి నేనే సాక్షి, ఆ బండిలో కూర్చుని పోయా. నాకు ఆ రుజువు చాలు.

ఇంకో భయం కూడా కొందరికి ఉంది. డొంక కొలిపిస్తే గవర్నమెంటు వచ్చి మన భూమి లాగేసుకుంటుందని. అది మన భూమి కాదన్నా. పాస్‌బుక్కులో లేని భూమి. ఉన్నది ఉన్నట్టు మనకే ఉంటుంది. పోయేది మనం తిన్నది మాత్రమే. నడకలవాళ్ళు ఏడాదికి నాలుగు సార్లు వస్తారు. మిగతా మూడు వందల అరవై రోజులూ ఆ డొంకన పోయేది మన ట్రక్కు, మన వరికోత మిషను, రేపు అవసరమైతే మన కోసం వచ్చే 108. యుద్ధం పేరు చెప్పి అయినా దారి తిరిగొస్తే లాభం ఎవరికి?

నా వంతు నేను మొదలుపెట్టా. పోయిన వారం మా బావ ఇంటికి పోయి కూర్చుని ఈ మాటే చెప్పా. ముందు నవ్వాడు. "నువ్వు వదిలితే నేను వదులుతా" అన్నాడు. "నేను ముందు వదులుతా, నువ్వు చూసి వదులు" అన్నా. చాలాసేపు ఊరుకుని, "అమ్మని మోసుకొచ్చిన రోజే అనుకున్నా" అన్నాడు. ఇద్దరం కలిసి సచివాలయంలో సర్వేయరుకి అర్జీ పెట్టాం. పత్తి కట్టె పీకేశాక కొలిపించి, రెండు పక్కలా నాపరాళ్ళు పాతిస్తాం. కంప కొట్టించే ఖర్చు చెరిసగం. మా ముక్క వరకే అది నూట పది గజాలు. దాని అవతల ఇంకో పదకొండు మంది రైతులున్నారు. పేర్లు రాయను, చదివేవాళ్ళకి తెలుసు. మీ ఇళ్ళకి కూడా వస్తా, టీ పెట్టండి చాలు.

వచ్చే కార్తీకానికి ఆ టీషర్టు పిల్లలు మళ్ళీ వస్తామన్నారు. ఫోను పటం చూపించిన అమ్మాయి నంబరు తీసుకున్నా. అప్పటికి ఆ నీలం చుక్క డొంక మీదే ఉండాలి, పత్తి సాళ్ళ మీద కాదు. ఆ రోజు అరవాల్సి వస్తే సీసా పారేసినందుకే అరుస్తా.

మీ ఊళ్ళో డొంకలు పటంలో ఎంత ఉన్నాయో, చేలో ఎంత మిగిలాయో ఒకసారి చూసి కింద రాయండి. ఎవరు తిన్నారో రాయొద్దు. ఎంత వదులుతారో రాయండి.

ఉంటా మరి. రేపు పొద్దున్నే మిరపకి నీళ్ళు పెట్టాలి.